మోటారు సైకిలు నడుపువాడు గాలిని ఎరుగవలెను

క్రొత్త మోటారు సైకిలు ఇంటికి వచ్చిన దినమున మన ఇండ్లలో జరుగు ముచ్చట అందరికిని తెలిసినదే. బండికి పసుపు కుంకుమలు పెట్టుదురు. హ్యాండిలునకు పూలదండ చుట్టుదురు. చక్రముల క్రింద నిమ్మకాయలుంచి ముందునకు నడిపింతురు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములందైతే ఆ వెంటనే మరియొక మాట వచ్చును: "బండిమీద శ్రీశైలము పోయి మల్లన్న దర్శనము చేసికొని వత్తుము." కోరిక మంచిదే. కాని బండి చేతికి వచ్చి నెల దాటని యువకుడు అప్పటికి నేర్చినది ఎంత? క్లచ్చు పట్టుట, గేరు మార్చుట, వీధి మలుపు తిరుగుట, సంతరోజున జనముమధ్య బండిని నిలుపుకొనుట. ఇవి అన్నియు 30 కిలోమీటర్ల వేగమున నేర్చిన విద్యలు. ఊరు దాటి పెద్దబాట ఎక్కిన పిమ్మట అతనికి క్రొత్తగా ఎదురగునది ఒకటి కలదు. అది గాలి. లైసెన్సు పరీక్షలో దానినిగూర్చి ఎవరును అడుగరు. కారులో పోవువానికి దానితో పనిలేదు. మోటారు సైకిలుపై కూర్చున్నవాడు మాత్రము దానిలోనే ప్రయాణము చేయుచున్నాడు.

మొదట తెలిసికొనవలసిన సంగతి ఏమనగా, బండిపై మనకు తగులు గాలిలో హెచ్చుపాలు మనము పుట్టించుకొన్నదే. ఆకు కదలని ఉదయమున 40 కిలోమీటర్ల వేగమున పోవువానికి ఎదురుగా 40 కిలోమీటర్ల గాలి వీచుచున్నట్లే యగును. ఈ గాలి ఒత్తిడి వేగముతోపాటు సమానముగా పెరుగదు. వేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగింతలగును. చక్కగా నిటారుగా కూర్చున్న మనిషిని, బండిని కలిపి లెక్కించినచో, 40 కిలోమీటర్ల వేగమున గాలి వెనుకకు నెట్టు బలము రమారమి నాలుగైదు కిలోల బరువుతో సమానము. 60 వద్ద అది పది కిలోలు. 80 వద్ద పదునెనిమిది కిలోలు. ఆ బలమును గెలుచుటకు ఇంజను వెచ్చించు శక్తి ఇంకను త్వరగా, అనగా వేగము రెట్టింపైనచో ఎనిమిదింతలుగా పెరుగును. పెట్రోలు త్వరగా అయిపోవుటకు ముఖ్యకారణములలో ఇది ఒకటి. 60లో పోవువాడు 80కి పెంచినందున నంద్యాలనుండి ఆత్మకూరు చేరుటలో కలిసివచ్చునది కొద్ది నిమిషములే. అతని రొమ్ముపై పడు భారము మాత్రము దాదాపు రెట్టింపగును.

ఈ భారమును క్రొత్తవాడు ఎట్లు మోయును? చేతులతో మోయును. గాలి వెనుకకు నెట్టగా అతడు హ్యాండిలును గట్టిగా పట్టి లాగుకొనును. భుజములు బిగిసిపోవును, మోచేతులు కఱ్ఱలవలె నిలిచిపోవును. గంట గడచునప్పటికి మెడ నొప్పి, మణికట్టు నొప్పి. కన్నులు నీరు కారును. చెవులలో హోరు. అలసినవాని చూపు దగ్గరకు తగ్గును, నిర్ణయము ఆలస్యమగును. మలుపులో బండి అదుపుతప్పిన వార్త విన్నప్పుడు మనము రోడ్డును నిందింతుము. ఆ మలుపునకు ముందు గంటసేపు గాలి ఆ మనిషిని ఎంత అలసింపజేసెనో ఎవరును లెక్కింపరు.

ఆళ్ళగడ్డనుండి శ్రీశైలమునకు రోడ్డు దూరము రమారమి 200 కిలోమీటర్లు. ఈ దారి గాలి విద్యకు పాఠశాల వంటిది. ఆళ్ళగడ్డనుండి నంద్యాలకు, నంద్యాలనుండి వెలుగోడు మీదుగా ఆత్మకూరునకు దారి ఉత్తరముఖముగా పోవును. ఆత్మకూరునుండి బైర్లూటి, రోళ్ళపెంటల మీదుగా దోర్నాలకు తూర్పుముఖముగా నల్లమల అడవిలో సాగును. దోర్నాలనుండి వాయవ్యముగా మరలి, సుమారు 50 కిలోమీటర్లు కొండ యెక్కుచు శ్రీశైలము చేరును. జూన్ మొదలు ఆగస్టు వరకు రాయలసీమలో పడమటి గాలులు బలముగా వీచును. ఆ బలమును నమ్మియే సీమ కొండలపై గాలిమరలు నిలిపినారు. కావున ఆ నెలలలో బయలుదేరినవానికి మొదటి భాగమున గాలి ఎడమప్రక్కనుండి తగులును. అడవిలో వెనుకనుండి తోడ్పడును. కొండ యెక్కునపుడు ఎదురువచ్చును. ప్రక్కగాలి, వెనుకగాలి, ఎదురుగాలి - మూడింటి స్వభావములును ఒక్క ప్రయాణములోనే తెలియవచ్చును. ఒక్కొక్కదానిని విడిగా చూతము.

ప్రక్కగాలి క్రొత్తవానిని అన్నిటికన్న ఎక్కువగా భయపెట్టును. నిలకడగా వీచు ప్రక్కగాలితో చిక్కు తక్కువ. కొంచెము అటు వాలి పోయినచో సరిపోవును. చిక్కంతయు ఉండి ఉండి కొట్టు విసురుతోనే. చెట్లవరుస, ఊరి గోడలు, మిట్ట - ఇవి ఉన్నంతసేపు గాలి ఆగును. అవి అయిపోయి బయలు వచ్చిన క్షణమున ఒక్క పెట్టున తగులును. వంతెనలపైనను, కాలువ గట్లపైనను, వెలుగోడు జలాశయపు వైపు బయళ్ళయందును ఇట్లే యుండును. పోవునపుడు గాలి ఎడమవైపునుండి నెట్టుటచే బండి కుడికి జరుగును. నంద్యాలదాక నాలుగు వరుసల రహదారిలో కుడివైపున మనను దాటిపోవు కార్లు, బస్సులు ఉండును. నంద్యాల దాటిన పిమ్మట రెండు వరుసల బాటలో కుడివైపున ఎదురువచ్చు బండ్లే యుండును. తిరుగు ప్రయాణమున గాలి కుడినుండి వచ్చి మనను బాట అంచునకు నెట్టును. నంద్యాల నేల నల్లరేగడి. వాన పడినపుడు ట్రాక్టరు చక్రములు ఆ బురదను రోడ్డుపైకి తెచ్చును. ఆ పలుచని పూతపై టైరు నిలువదు. కోతల కాలమున బాటపైననే ఆరబోసిన ధాన్యము, జొన్నకంకులు, కంది కట్టెలు ఉండును. కావున రెండువైపుల కొంత చోటు విడిచి, మన వరుసలో గాలివచ్చు వైపునకు కొంత దగ్గరగా పోవుట మేలు. అప్పుడు విసురు నెట్టినను బండి మన వరుస దాటక ముందే సర్దుకొనవచ్చును.

సర్దుకొనుట ఎట్లు? ఇచ్చట ఒక చిత్రమైన సంగతి కలదు. బండి ఎడమకు వాలవలెనన్న హ్యాండిలును ఎడమకు త్రిప్పుదుమని అందరును తలంతురు. నడకవేగము దాటిన పిమ్మట జరుగునది దీనికి విరుద్ధము. ఎడమచేతి పిడిని మెల్లగా ముందునకు నొక్కినచో ముందుచక్రము క్షణకాలము కుడికి తిరిగి, బండి ఎడమకు వాలును. సైకిలునకును ఇదే సూత్రము. 1903లో విమానమును ఎగురవేసిన రైట్ సోదరులు అంతకు ముందు సైకిళ్ళు చేసి అమ్మినవారు; వారిలో విల్బర్ రైట్ ఈ సంగతినే గుర్తించి, సైకిలు తొక్కువారిలో తాము చేయుచున్న దానిని ఎరిగినవారు మిక్కిలి అరుదని తేల్చెను. మనమందరము తెలియకనే ఇది చేయుచున్నాము. తెలిసి చేసినచో విసురుగాలిలో తడబాటు ఉండదు. ఎడమనుండి గాలి కొట్టినపుడు ఎడమపిడిని కొంచెము ముందునకు నొక్కవలెను. గాలి ఆగినవెంటనే నొక్కుట మానవలెను.

దీనికి చేతులు వదులుగా ఉండవలెను. బిగించిన చేతులు గాలి తన ఛాతీపై కొట్టిన దెబ్బను హ్యాండిలునకు చేరవేయును. అప్పుడు బండిని కదల్చునది గాలికాదు, నడుపువాడే. మోకాళ్ళతో పెట్రోలు ట్యాంకును నొక్కిపట్టి, మోచేతులు కొంచెము వంచి, నడుము ముందునకు వాల్చి కూర్చుండవలెను. దేహభారమును కాళ్ళు, నడుము మోయవలెను. చేతులు బండికి దారి చూపుటకు మాత్రమే. పిడిని ఎంత గట్టిగా పట్టవలెను? కోడిపిల్లను పట్టినంత గట్టిగా: జారిపోరాదు, నలిగిపోరాదు.

పెద్ద లారీ దాటిపోవునపుడు కలుగు గాలి మరియొక రకము. బేతంచెర్ల పరిసరములనుండి నాపరాళ్ళు మోయు లారీలు, దూరపు బస్సులు ఈ రహదారులపై ఎడతెగక పోవుచుండును. అట్టి బండి మన సరసకు వచ్చునపుడు దాని ముందరి గాలి మనను ఆవలకు నెట్టును. దాటిన మరుక్షణమున వెనుకనున్న వెలితి మనను దానివైపునకు లాగును. నెట్టుటను ఎదిరించుటకు లారీవైపు వాలియున్నవాడు, లాగుట మొదలైనపుడు ఇంకను అటే పోవును. కావున అద్దములో లారీ కనబడగానే ఎడమకు కొంత జరిగి, వేగము ఒకే తీరున ఉంచి, రెండు తాకిడులు గడచువరకు బండిని నిటారుగా నిలుపుటయే ఉపాయము. మనమే లారీని దాటునపుడు, దాని చాటునుండి బయటపడిన క్షణమున ప్రక్కగాలి మరల కొట్టునని గుర్తుంచుకొనవలెను.

ఆత్మకూరులో ఆగి, దిగి, నీరు త్రాగి, పెట్రోలు నింపుకొనవలెను. ముందున్నది పులుల అభయారణ్యము. అడవిలో పెట్రోలు దొరకునని నమ్మి బయలుదేరరాదు. వన్యప్రాణుల రక్షణకై రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు అటవీశాఖవారు గేట్లు మూయుదురు; పండుగ దినములలో వేళలు మారవచ్చును. గేటు మూయుదురను తొందరలో సాయంకాలము బండిని తరుముట తగదు. ఆలస్యమైనచో ఆ రాత్రి ఆత్మకూరులోనే దోర్నాలలోనే నిలిచిపోవుట ఉత్తమము.

ఇక్కడ గాలి వెనుకకు తిరుగును. వెనుకగాలి మిత్రునివలె కనబడును. నిజమునకు మూడింటిలో మోసకారి అదియే. 50 కిలోమీటర్ల వేగమున పోవువానికి వెనుకనుండి 20 కిలోమీటర్ల గాలి వీచినచో అతని ముఖమునకు తగులునది 30 కిలోమీటర్ల గాలి మాత్రమే. చెట్లు రెండువైపుల గోడలవలె నిలిచి, ఉన్న గాలిని గూడ ఆపును. చొక్కా కొట్టుకొనదు, చెవులలో హోరు తగ్గును. "బండి నెమ్మదిగానే పోవుచున్నది" అని మనస్సు చెప్పును. చేయి తెలియకనే యాక్సిలరేటరును త్రిప్పును. శ్రీశైలక్షేత్రమునకు వచ్చినవారి రాకకు సాక్షిగణపతి సాక్ష్యమని భక్తులు నమ్ముదురు. అట్లే మోటారు సైకిలువాని వేగమునకు గాలియే సాక్షి. ఆ సాక్షి మౌనము వహించిన చోట మీటరును అడుగవలెను.

అడుగవలసిన కారణము కలదు. అపాయమును చూచి బ్రేకు నొక్కుటకు ఎంత చురుకైనవానికైనను రమారమి ఒక సెకను పట్టును. 60 కిలోమీటర్ల వేగమున ఆ ఒక్క సెకనులో బండి సుమారు 17 మీటర్లు పోవును; పొడిరోడ్డుపై మంచి బ్రేకులతో నిలుచుటకు మరి 23 మీటర్లు కావలెను. మొత్తము 40 మీటర్లు. 40 కిలోమీటర్ల వేగమున అయితే 21 మీటర్లు చాలును. పొదలోనుండి దుప్పి బాటకు దుమికినపుడు, యాత్రికులు వేసిన అరటిపండ్లకు అలవాటుపడిన కోతులు మలుపులో కూర్చున్నపుడు, ఆ 19 మీటర్ల తేడాయే ప్రాణము. అడవిలో 40 దాటకుండుట పిరికితనము కాదు, లెక్క.

దోర్నాలనుండి దారి కొండ యెక్కును. శిఖరము సుమారు 2,830 అడుగుల ఎత్తున నున్నది. ఎదురుగాలి ఇక్కడ మలుపుమలుపునకు ముఖము మార్చును. ఒక వంపులో కొండ చాటుండును. తరువాతి వంపులో లోయ తెరచుకొని గాలి ముఖమును కొట్టును. ఆ పై వంపులో అదియే ప్రక్కనుండి వచ్చును. కావున మలుపునకు ముందే, బండి నిటారుగా ఉన్నపుడే వేగము తగ్గించి, తగిన గేరులో పెట్టి, చూపును మలుపు చివర నిలిపి తిరుగవలెను. మలుపు నడుమ గట్టిగా బ్రేకు వేయువాడు జారును. ఎక్కునపుడు ఇంజను మూలిగినచో చిన్నగేరు వేయవలెను. దిగునపుడును ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగవలెనన్నది పాతకాలపు డ్రైవర్ల సూత్రము. అది ఇప్పటికిని చెల్లును. పెట్రోలు ఆదా అగునని ఇంజను ఆపి న్యూట్రల్‌లో దిగువారు కలరు. ఆ విధముగా భారమంతయు బ్రేకులపై పడి, అవి వేడెక్కి, పట్టు తప్పును. మిగిలిన పెట్రోలు ఒక గ్లాసెడు, పోగొట్టుకొనునది వెలకట్టరానిది.

బ్రేకులనుగూర్చి మరి ఒక మాట. ముందుబ్రేకు వేసినచో బోర్లపడుదుమని భయపడి కొందరు వెనుకబ్రేకునే నమ్ముకొందురు. బండి ఆగునపుడు బరువంతయు ముందుచక్రముపైకి వచ్చును గనుక నిలుపు శక్తి హెచ్చుగా ముందుబ్రేకునకే కలదు. రెండింటిని కలిపి, ముందుదానిని క్రమముగా, పిండినట్లు నొక్కవలెను. మన దేశమున 2019 ఏప్రిల్ నుండి 125 సీసీ దాటిన క్రొత్త బండ్లన్నిటికిని చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏబీఎస్ ఏర్పాటు తప్పనిసరియైనది. అది మంచి తోడు. కాని ఇసుకమీద, ఎండుటాకులమీద, నల్లరేగడి బురదమీద లేని పట్టును అదియును పుట్టింపలేదు.

మహాశివరాత్రికి, ఉగాదికి ముందు దినములలో వేలకొలది భక్తులు నల్లమల గుండ కాలినడకన శ్రీశైలము చేరుదురు. ఉగాదికి కన్నడ దేశమునుండి వచ్చు భక్తులు అసంఖ్యాకులు. వారు రాత్రింబగళ్ళు నడచి అలసి, బాట అంచున వరుసగా పోవుచుందురు. అట్టి వరుస ప్రక్కనుండి హారను మ్రోగించుచు దూసుకొనిపోవుట అమర్యాద మాత్రమే కాదు, ప్రమాదము. ఆ దినములలో క్రొత్తవాడు బండిని ఇంటనుంచి బస్సునెక్కుట మేలు.

ఇక గాలినుండి దేహమును కాపాడుకొను సాధనములు. అన్నిటికన్న మొదటిది హెల్మెట్టు. దాని చరిత్ర ఒక మోటారు సైకిలు ప్రమాదముతో ముడిపడియున్నది. అరేబియా యుద్ధములో పేరుపొందిన ఆంగ్లేయుడు టి. ఇ. లారెన్సు 1935లో బండిపైనుండి పడి, తలదెబ్బతో ఆరు దినములలో మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో ఒకడైన హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడు ఆ మరణమును మరువక, మోటారు సైకిలువారి తలదెబ్బలను పరిశోధించి 1941లో హెల్మెట్టు విలువను లోకమునకు తెలియజేసెను. బ్రిటిషు సైన్యములో వార్తాహరులకు హెల్మెట్టు నిర్బంధమైనది ఆ పిమ్మటనే. మంచి హెల్మెట్టు తలదెబ్బ ప్రమాదమును రమారమి 69 శాతము, మరణ ప్రమాదమును 42 శాతము తగ్గించునని తరువాతి పరిశోధనలు తేల్చినవి. మన దేశమున 2022 సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది ద్విచక్రవాహనములపై పోవువారు. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. ఈ తుది సంఖ్యను ప్రతి గృహస్థుడును ఒకసారి తలంపవలెను. వెనుక కూర్చున్న ఇల్లాలికి హెల్మెట్టు అక్కరలేదనుకొను ఇండ్లు ఇంకను కలవు.

హెల్మెట్టుపై ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండవలెను, తలకు బిగుతుగా సరిపోవలెను, గడ్డము క్రింది పట్టీ బిగింపవలెను. పట్టీ బిగింపని హెల్మెట్టును పడుటకు ముందే గాలి ఎత్తివేయును. మొగము నిండ కప్పు హెల్మెట్టు మేలు. దాని ముందరి అద్దము కన్నులను గాలినుండి, ధూళినుండి, సాయంవేళ ఎగురు పురుగులనుండి కాపాడును. అద్దము గీతలుపడినచో మార్చవలెను. ఎదురు దీపపు వెలుగు ఆ గీతలపై చెదరి దారి కనబడనీయదు. నల్లద్దాలు ఎండకు మంచివే. అడవినీడలోనికి పోవునపుడు తీసివేయవలెను.

చలికాలపు తెల్లవారుజామున బయలుదేరువాడు మరియొక లెక్క తెలిసికొనవలెను. 10 డిగ్రీల చలిలో 60 కిలోమీటర్ల గాలి తగిలినచో దేహమునకు అది 5 డిగ్రీల చలివలె తోచును. మొదట మొద్దుబారునవి వ్రేళ్ళు. మొద్దుబారిన వ్రేలు బ్రేకును ఎంత నొక్కినదియు తెలియదు. కావున చేతితొడుగులు అలంకారము కాదు. లోపల మెత్తని వస్త్రము, పైన గాలి చొరని దళసరి చొక్కా - ఈ రెండు చాలును. పాతకాలపు బండివారు చొక్కా క్రింద రొమ్ముపై వార్తాపత్రికను మడిచి పెట్టుకొనెడివారు. కాగితపు మడతలలో చిక్కిన గాలియే చలిని ఆపును. నేటికిని అత్యవసరమున అది పనికివచ్చు ఉపాయమే.

వేసవి మాట వేరు. నంద్యాల సీమలో మే నెలలో 40 డిగ్రీలు దాటుట సాధారణము. ఎండకు ఉక్కపోయునని చొక్కాచేతులు మడిచి, బొత్తాములు విప్పి బండి నడుపువారిని చూచుచున్నాము. మన చర్మపు వేడి రమారమి 34, 35 డిగ్రీలు. గాలి అంతకన్న చల్లగా ఉన్నంతవరకు అది మనను చల్లార్చును. అంతకన్న వేడిగా ఉన్నపుడు, పొయ్యిలో ఊదినట్లు, వేడిని మనకే చేర్చును. చెమట పట్టినది తెలియకనే ఆరిపోవును గనుక దాహము ఆలస్యముగా తెలియును. వడగాలిలో నిండుచేతుల నూలుచొక్కా తొడుగుకొని, మెడచుట్టు తడిగుడ్డ కట్టుకొని, గంటకొకమారు చెట్టునీడన ఆగి నీరో మజ్జిగయో త్రాగవలెను. పగలు 11 గంటలు మొదలు 4 గంటలవరకు ప్రయాణమే మానుట ఇంకను మంచిది.

మెడగుడ్డ యన్నాను గనుక ఒక హెచ్చరిక. దాని కొసలు చొక్కాలోనికి దోపవలెను. ప్రపంచ ప్రసిద్ధ నర్తకి ఇసడోరా డంకన్ 1927లో ఫ్రాన్సు దేశపు నీస్ నగరమున, మెడలోని పొడుగాటి కండువా కారు చక్రమున చుట్టుకొనగా మరణించెను. మన చీరచెంగు, ఓణీ, ఉత్తరీయము - అన్నిటికిని గాలి అట్టి ఉరినే పన్నగలదు. వెనుకచక్రమును కప్పు చీర రక్షణ జాలీని మన మోటారు వాహనముల నిబంధనలే విధించినవి. అందము చెడునని దానిని ఊడదీయించుట ఎంత తప్పో చెప్పనక్కరలేదు. వీలైనంతవరకు వెనుకవారు రెండువైపుల కాళ్ళువేసి కూర్చుండుట మంచిది. ఒకవైపు కూర్చున్నచో చెంగు నడుమున దోపి, జాలీవైపే కూర్చుండవలెను. బండి వాలినపుడు తామును దానితో వాలవలెను. భయపడి ఎదురుదిక్కునకు వాలినచో నడుపువానికి కష్టము.

వానలో గాని ఎండలో గాని వెనుక కూర్చున్నవారు గొడుగు తెరచుట మన రోడ్లపై తరచు కనబడు దృశ్యము. తెరచిన గొడుగు తెరచాప వంటిది. విసురుగాలి దానిని పట్టినచో మొదట లాగబడునది గొడుగు పట్టినవారే. గొడుగు బదులు వానకోటు కొనవలెను. పెట్రోలు ట్యాంకుపై పసిబిడ్డను కూర్చుండబెట్టుట మరియొక అలవాటు. తండ్రికి తగులవలసిన గాలి, ధూళి, దెబ్బ అన్నియు మొదట ఆ బిడ్డకు తగులును. నాలుగేండ్లలోపు బిడ్డతో పోవునపుడు బిడ్డకు రక్షణపట్టీ, హెల్మెట్టు ఉండవలెననియు, వేగము 40 కిలోమీటర్లు మించరాదనియు 2023 ఫిబ్రవరినుండి నిబంధన అమలులోనికి వచ్చినది. 200 కిలోమీటర్ల శ్రీశైల యాత్రకు పసిబిడ్డతో బండి తగదు.

సామాను సంగతియు గాలి సంగతియే. వెడల్పుగా కట్టిన మూట ప్రక్కగాలిని పట్టును. ఎత్తుగా కట్టినది బండిని ఊపును. బరువును క్రిందుగా, దేహమునకు దగ్గరగా, రెండువైపుల సమముగా కట్టవలెను. టెంకాయల సంచిని హ్యాండిలునకు తగిలింపరాదు. కొందరు బండికి గాలి అద్దము బిగించుకొందురు. దాని పై అంచు కన్నులకు కొంచెము దిగువన ఉండవలెను. చూపు అద్దముమీదుగా పోవలెను గాని అద్దములోనుండి కాదు. హ్యాండిలునకు బిగించు పెద్ద అద్దము రొమ్మును కాపాడును గాని, ప్రక్కగాలి తాకిడిని నేరుగా హ్యాండిలునకు చేర్చును. క్రొత్తవాడు చిన్నదానితో సరిపెట్టుకొనుట మేలు.

ఇన్ని కప్పుకొన్న పిమ్మట ఒక సంగతి మరువరాదు. హెల్మెట్టు, దళసరి చొక్కా, గాలి అద్దము - ఇవి గాలిని ఎంత బాగుగా ఆపునో, అంతగా మన వేగమునకు సాక్ష్యమును గూడ ఆపును. అడవిలో వెనుకగాలి చేసిన మోసమునే ఇవియు చేయగలవు. కావున రక్షణ పెరిగినకొలది మీటరువైపు చూపు పెరుగవలెను.

శ్రీశైలము పోవుటకు ముందు కొంత సాధన కావలెను. సంత లేని దినమున ఖాళీ మైదానములో 20, 30, 40 కిలోమీటర్ల వేగముల నుండి రెండు బ్రేకులతో నిలుపుట పదేసిమార్లు చేయవలెను. నడకవేగమున ఎనిమిది అంకె ఆకారముగా త్రిప్పవలెను. గాలి కొంచెము వీచు సాయంకాలమున, రద్దీ లేని బయలు రోడ్డుపై పిడిని నొక్కి సర్దుకొను విద్యను 40లో అభ్యసింపవలెను. పిమ్మట నంద్యాలవారు మహానందికి, ఆళ్ళగడ్డవారు అహోబిలమునకు, ఒంటరిగా ఒకసారి, వెనుక మనిషితో ఒకసారి పోయి రావలెను. వెనుక మనిషి కూర్చున్నపుడు బండి నిలుచు దూరము, వాలు తీరు ఎట్లు మారునో అప్పుడు తెలియును. ఇవి అయిన తరువాతనే నల్లమల.

ఇంటిపెద్దలు చేయవలసినదియు కలదు. బండి కొనునపుడే రెండు హెల్మెట్లు కొనవలెను. వాని ధర బండి ధరలో ఎన్నవ వంతో లెక్కించి చూచినచో వెనుకాడుట ఉండదు. బయలుదేరు కుమారునితో "త్వరగా రా" అని చెప్పుట మన అలవాటు. ప్రేమతో అన్న ఆ మాటయే దారిలో అతని చేతిని తొందరపెట్టును. "చీకటిపడినచో అక్కడనే ఉండి, రేపు రా" అని చెప్పినచో అతడు నెమ్మదిగా నడుపుటకు అనుమతి దొరకినట్లగును. గాలిని ఆపు సాధనములు అంగడిలో ఎన్నియైనను దొరకును. దానిని తగ్గించు సాధనము మాత్రము ఒక్కటే. అది ప్రతి బండికిని కుడిచేతి క్రిందనే యున్నది, దానికి వేరుగా ఖర్చు లేదు.